కోడలు వచ్చింది, కార్డు రాలేదు

రైల్వేలో పనిచేసే కుర్రాడికి పెళ్లయితే, పెళ్లి సర్టిఫికెట్టు జతచేసి ఆఫీసులో ఒక కాగితం ఇస్తాడు. ఆ కాగితంతో అతని పాసులో ఆమె పేరు ఎక్కుతుంది, మెడికల్ కార్డులో ఆమె ఫోటో ఎక్కుతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పట్టాల పనికీ, షెడ్డు పనికీ వచ్చిన మా పెద్దవాళ్ల నుంచి, 2003లో మా బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రమయ్యాక ఉద్యోగాల్లో చేరిన మా పిల్లల దాకా, మా ఊరి తెలుగు సంసారాలన్నీ ఇలాగే మొదలయ్యాయి. కొత్త కోడలికి జ్వరమొస్తే రైల్వే ఆసుపత్రిలో వరసలో నిలబడి మందు తెచ్చుకునేది. చదువుకుందా లేదా, హిందీ వచ్చా రాదా, ఈ పెళ్లి నిలుస్తుందా అని కౌంటరు దగ్గర ఎవరూ ఆమెను ప్రశ్నించలేదు. ఉద్యోగి భార్య. ఆ ఒక్క మాట సరిపోయేది. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా రిటైరయ్యేదాకా ఆ కార్డులు పట్టుకుని వచ్చే ఆడవాళ్లను రోజూ చూశాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

అలాంటి ఊళ్లో పుట్టి, తెలిపారా సందుల్లో పెరిగిన మా అక్క కూతురు కెనడా పౌరుణ్ణి పెళ్లి చేసుకుని వెళ్లింది. అంత ధనిక దేశంలో, ఆరోగ్యం అందరిదీ అని చాటుకునే దేశంలో, ఆమెకు చాలాకాలం మందుల కార్డూ లేదు, చేతికి పనీ లేదు. ఆమె పేరు రాయను, తన గొడవ ఊరందరికీ తెలియడం ఆమెకు ఇష్టం లేదు. ఆమె పడింది మాత్రం రాస్తాను. అదే దారిలో మా కాలనీ పిల్లలు ఇంకా వెళుతున్నారు.

ఆ పిల్ల నర్సు. మామూలు నర్సు కాదు. 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో వేవ్ ఛత్తీస్‌గఢ్ మీద విరుచుకుపడినప్పుడు రాయ్‌పూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేసింది. నరం దొరకని పేషెంటు ఉంటే డ్యూటీ డాక్టర్లు ఆమెనే పిలిచేవాళ్లు. నరం పట్టడం పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. ఒళ్లు ఎండిపోయిన మనిషికి మోచేతి మడతలో నరం కనబడదు, ముంజేతి మీద కనబడదు. బొటనవేలి వైపు మణికట్టు పక్కన వేలితో నొక్కి వదిలితే అడుగున ఎక్కడో తిరిగి ఉబికే మెత్తదనం ఒకటి ఉంటుంది. అది వేలికి తెలియాలి. ఆ పిల్లకి రెండు జతల గ్లవ్స్ మీంచి తెలిసేది. నా సర్వీసు మొత్తంలో అలాంటి చేతులు నేను చాలా కొద్దిమందికే చూశాను. ఆ చేతులు కెనడాలో ఆంటారియో ప్రావిన్సులోని బ్రాంప్టన్‌లో ఒక ఇంటి బేస్‌మెంటులో ఊరికే పడి ఉన్నాయంటే నాకు నిద్ర పట్టేది కాదు.

2022 మొదట్లో పెళ్లయింది. అబ్బాయి వాళ్లది విజయనగరం వైపు, చిన్నప్పుడే తల్లిదండ్రులతో కెనడా వెళ్లి అక్కడి పౌరుడయ్యాడు. మంచివాడు, అతని మీద నాకు ఒక్క మాట లేదు. ‘సిటిజన్ సంబంధం’ అని మా వాళ్లు ఎగిరి గంతేశారు. పౌరుడి భార్యకు అన్నీ వాటంతట అవే వచ్చేస్తాయనుకున్నారు. రాయ్‌పూర్‌లో పోలీసు క్లియరెన్సు, హైదరాబాద్ వెళ్లి వేలిముద్రలు, పెళ్లి ఫోటోలు, ఫోన్‌లో మాట్లాడుకున్నదానికి రుజువులు... అన్నీ పోగేసి దరఖాస్తు పంపారు. అప్పట్లో ఫీజు 1,080 డాలర్లు. 2024 ఏప్రిల్ 30 నుంచి 1,205 అయింది, వేలిముద్రలకు ఇంకో 85. భర్త ఒక హామీపత్రం మీద సంతకం పెట్టాడు: భార్యకు శాశ్వత నివాసం (పీఆర్) వచ్చిన నాటి నుంచి 3 ఏళ్లపాటు ఆమె తిండికీ, బట్టకూ, బతుకుకూ తనదే పూచీ అని. ఇన్ని తీసుకుని ప్రభుత్వం ఇచ్చింది ఒక రసీదు. ఈ రకం ఫైళ్లకు ఏడాది పడుతుందని ఆ దేశం తానే ప్రకటించుకున్న గడువు. చాలా ఫైళ్లు అంతకన్నా ఎక్కువే తిన్నాయి.

కొత్త పెళ్లికూతురు ఏడాదిపాటు పుట్టింట్లో కూర్చోలేదు కదా. విజిటర్ వీసా దొరికింది, వెళ్లింది. విజిటర్‌గా అడుగుపెట్టినవాళ్లు మామూలుగా 6 నెలలు ఉండొచ్చు, పొడిగింపు అడుక్కోవచ్చు. ఉద్యోగం చేయకూడదు. 6 నెలలకు మించిన చదువు చదవకూడదు. మాకు రాత్రి తొమ్మిదిన్నర అయితే అక్కడ మధ్యాహ్నం. అల్లుడు పనికి వెళ్లిన వేళ చూసుకుని వీడియో కాల్ చేసేది. “పిన్నీ, మొగుడింటికొచ్చినట్టు నేదే. చుట్టపు చూపుకొచ్చినట్టుంది” అంది ఒకరోజు. చదువుకున్న పిల్ల మామూలుగా ఆ యాసలో మాట్లాడదు. మనసు విరిగినప్పుడే వాళ్ల నాయనమ్మ భాష నోట్లోకి వస్తుంది.

పై అంతస్తులో ఇంటివాళ్ల తల్లి, పంజాబీ పెద్దావిడ, మెట్లెక్కితే ఆయాసపడుతోందని ఇంట్లో అందరూ వయసు మీద నెట్టేశారు. మా పిల్ల ఆవిడ కాళ్లు చూసింది. చీలమండ పైన వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. రాత్రి ఎన్ని దిళ్లు వేసుకుని పడుకుంటున్నారని అడిగింది. మూడు, అంది ఆవిడ. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో, ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి అని పట్టుబట్టి పంపింది. అదే నిజమైంది. ఆవిడ బతికి ఇంటికొచ్చి మా పిల్లకు ఒక స్వెటరు అల్లి ఇచ్చింది. ఆ దేశం లెక్కల్లో ఆ రోజు మా పిల్ల చేసిన పనికి ఏ గడీ లేదు. పర్యాటకురాలు కదా.

అదే 2022లో కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ అండ్ లాబ్రడార్ ప్రావిన్సు ప్రభుత్వం నర్సుల కోసం ఏకంగా బెంగళూరుకు మనుషుల్ని పంపింది. నర్సులు చాలక అక్కడ అత్యవసర విభాగాలు మూతపడుతున్న కాలం అది. సముద్రాలు దాటి వచ్చి మా దక్షిణాది కాలేజీల్లో నర్సుల కోసం వెతికినవాళ్లకు, తమ దేశంలోనే తమ పౌరుల ఇళ్లల్లో కూర్చున్న నర్సులు కనపడలేదు. వాళ్లు ఎందరున్నారో అడగడానికి ఒక ఫారం కూడా లేదు. పౌరుణ్ణి పెళ్లాడి వచ్చిన మనిషిని ‘ఫలానావారి భార్య’ అనే ఒక్క చూపుతో చూస్తే, ఆమె చేతిలోని విద్య ఎవరికి కనపడుతుంది? నా కడుపుమంట అక్కడే.

పరిస్థితి ఇంతకుముందు ఇంకా దారుణంగా ఉండేది. దేశం లోపలి నుంచి దరఖాస్తు పెట్టుకున్న భార్యకు, భర్తకు కూడా ఫైలు మొదటి మెట్టు దాటేదాకా పని అనుమతి ఇచ్చేవారు కాదు. ఆ మెట్టుకే ఏడాది పైన పట్టేది. జనం మొత్తుకోగా మొత్తుకోగా 2014 డిసెంబర్ 22న ఒక ప్రయోగంగా వాళ్లకు ముందే ఓపెన్ వర్క్ పర్మిట్, అంటే ఎవరి దగ్గరైనా పనిచేసుకునే అనుమతి, ఇవ్వడం మొదలుపెట్టారు. ఏడాదికని పెట్టినదాన్ని పొడిగిస్తూ పోయారు. కానీ ఇండియా నుంచి దరఖాస్తు పెట్టి ఆనక భర్త దగ్గరకు చేరిన మా పిల్లలాంటివాళ్లు ఆ గీతకు అవతలే ఉండిపోయారు. ఒకే పెళ్లి, ఒకే ఇల్లు, ఒకే రకం ఫైలు. దరఖాస్తు ఏ వరసలో పడిందన్న ఒక్క తేడాతో ఒకామె పనికి పోవచ్చు, ఇంకొకామె పోకూడదు. 2023 మే నెలాఖరులో అప్పటి వలసల మంత్రి షాన్ ఫ్రేజర్ ఆ గీత చెరిపేశారు. ఆయనకు ఆ మేరకు నేను దణ్ణం పెడతాను. అయితే అప్పుడూ అది హక్కు కాలేదు. రసీదు చేతికి రావాలి, మళ్లీ విడిగా 255 డాలర్లు కట్టి అడగాలి, మళ్లీ నెలలు ఎదురుచూడాలి. మా పిల్ల పర్మిట్ వచ్చేసరికి ఒళ్లో బిడ్డ ఉంది.

ఇంకొక సంగతి నాకు ఎన్నటికీ కొరుకుడు పడదు. అక్కడికి కొన్నేళ్ల ఉద్యోగానికి వచ్చిన విదేశీ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు భార్యకు చాలాకాలం పాటు వచ్చీ రాగానే ఓపెన్ వర్క్ పర్మిట్ ఇచ్చేవారు. 2025 జనవరి నుంచి ఆ నిబంధన బిగించారు, అది వేరే కథ. ఆ అమ్మాయిలకు దొరికినందుకు నాకు సంతోషమే. అమెరికాలో హెచ్4 వీసా మీద ఉన్న మన తెలుగు ఆడపిల్లలు 2015 మే దాకా అదే హక్కు కోసం ఎంత ఏడ్చారో మనకు తెలియనిది కాదు. కానీ ఉండిపోతాడో వెళ్లిపోతాడో తెలియని మనిషి భార్య పని చేసుకోవచ్చు, ఆ దేశం మట్టిలోనే స్థిరపడిన పౌరుడి భార్య మాత్రం కిటికీ దగ్గర కూర్చోవాలన్నది ఏ న్యాయం?

వైద్యం దగ్గరికి వస్తే నా గొంతు ఇంకా పట్టుకుంటుంది. కెనడాలో ఆసుపత్రి ఖర్చు ప్రజల పన్నులతో నడుస్తుంది. దానికి పునాది 1984 నాటి కెనడా హెల్త్ యాక్ట్. ప్రావిన్సులో ఇల్లు చేసుకుని చట్టబద్ధంగా ఉంటున్న ప్రతి మనిషికీ బీమా వర్తించాలని అది అంటుంది. టూరిస్టులను, దారిన పోయేవారిని, విజిటర్లను మాత్రం మినహాయించింది. మా పిల్ల అక్కడ కాపురం చేస్తోంది, వంట చేస్తోంది, చలికాలం గుమ్మం ముందు మంచు తవ్వుతోంది. వీసా కాగితం మీద విజిటర్ కనుక ఆమె ఇల్లు ఇల్లు కాకుండా పోయింది. ఎవరికి కార్డు ఇవ్వాలో తేల్చేది ప్రావిన్సు. బ్రిటిష్ కొలంబియాలో పౌరుడి భార్య శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకుంటే బీమాలో చోటు దొరికే దారి ఉంది. ఆంటారియోలో అయితే ఆమె అర్హురాలని వలసల శాఖ నిర్ధారించిన కాగితమైనా చూపాలి, లేదా వర్క్ పర్మిట్‌తో అక్కడి యజమాని దగ్గర కనీసం 6 నెలల ఫుల్‌టైమ్ ఉద్యోగమైనా ఉండాలి. నిండు గర్భిణికి కొత్తగా ఫుల్‌టైమ్ ఉద్యోగం ఎవరిస్తారు?

ప్రైవేటు బీమా తీసుకోవచ్చు కదా అంటారు. విజిటర్లకు అమ్మే పాలసీల్లో కాన్పు ఖర్చు సాధారణంగా ఉండదు. అల్లుడు వేల డాలర్ల అప్పు చేశాడు. ఆసుపత్రిలో చేరేముందే డబ్బు కట్టమన్నారు. నొప్పుల మధ్య మా పిల్ల భర్తతో అన్న మాట నాకు అల్లుడే చెప్పాడు, ఎపిడ్యూరల్ వద్దు, దాని బిల్లు వేరే వస్తుందట అని. ఐసీయూలో వందలమంది నొప్పి తగ్గించిన పిల్ల తన నొప్పికి ధర చూసుకుంది.

పాప పుట్టింది. ఆ నేల మీద పుట్టింది కనుక పుట్టుకతోనే కెనడా పౌరురాలు. తండ్రి ఆంటారియోవాడు కనుక పాపకు హెల్త్ కార్డు దరఖాస్తు ఆసుపత్రిలోనే నింపారు. ఒకే మంచం మీద పాపకు వైద్యం ఉచితం, పాపను కన్న తల్లికి బిల్లు. నేను కాన్పు గదుల్లో ఎన్నో రాత్రులు గడిపినదాన్ని. బిడ్డ బాగుండాలంటే ముందు తల్లి రక్తస్రావం చూడాలి, బీపీ చూడాలి. బొడ్డు కోసినంత మాత్రాన తల్లి ఆరోగ్యం ఒక లెక్క, బిడ్డ ఆరోగ్యం ఇంకో లెక్క అయిపోవు. అది తెలియని దేశం కాదు అది.

భార్యలను దయ తలచి లోపలికి రానివ్వడం ఆ దేశానికి పాత అలవాటే. 1908లో పుట్టిన దేశం నుంచి మధ్యలో ఆగకుండా నేరుగా ప్రయాణించి వచ్చినవాళ్లకే ప్రవేశం అని నిబంధన పెట్టారు. ఇండియా నుంచి నేరుగా వచ్చే ఓడే లేదు. 1912 జనవరిలో వాంకూవర్ గురుద్వారాకు చెందిన భాగ్ సింగ్, బల్వంత్ సింగ్ తమ భార్యాబిడ్డలతో దిగితే, మగవాళ్లు అంతకుముందే అక్కడ కాపురమున్నవాళ్లు కనుక వాళ్లను రానిచ్చి, ఆడవాళ్లనూ పిల్లలనూ వెనక్కి పంపేయమని ఉత్తర్వు ఇచ్చారు. నెలల తరబడి పోరాడితే చివరకు ప్రత్యేక దయగా ఉండనిచ్చారు తప్ప, అది వాళ్ల హక్కని ఒప్పుకోలేదు. అక్కడ స్థిరపడిన భారతీయుల భార్యలూ పిల్లలూ రావచ్చని నియమం రావడానికి 1919 దాకా పట్టింది. ఇప్పటి పిల్లలకు విమానం ఉంది, వీసా ఉంది, ఆ నాటి అవమానం లేదు. దయగా కాదు, హక్కుగా ఇవ్వండి అని అడగాల్సిన అవసరం మాత్రం తీరలేదు.

దొంగ పెళ్లిళ్ల మాట ఎత్తుతారు. ఉన్నాయి, కాదనను. పెళ్లి పేరుతో డబ్బు గుంజి ఆడపిల్లల్ని వదిలేసి పోయినవాళ్లను మన జిల్లాల్లోనూ చూశాం. దానికి మందని చెప్పి కెనడా 2012 అక్టోబర్‌లో ఒక షరతు పెట్టింది. పెళ్లయి కొంతకాలమే అయినవాళ్లు స్పాన్సర్‌తో 2 ఏళ్లు కలిసి కాపురం చేస్తేనే పీఆర్ నిలుస్తుందని. కొట్టే మొగుణ్ణి వదిలి బయటికి వస్తే దేశంలో ఉండనివ్వరేమో అన్న భయంతో ఎందరో ఆడవాళ్లు నోరు మూసుకున్నారు. హింస ఉంటే మినహాయింపు ఉందన్నారు గానీ, భాష రాని కోడలికి ఆ సంగతి ఎవరు చెబుతారు? 2017 ఏప్రిల్‌లో ఆ షరతు ఎత్తేశారు. అనుమానానికి శిక్ష నిజమైన భార్యలకే పడిందని ఆ దేశమే ఒప్పుకున్నట్టయింది. పెళ్లి అసలుదో కాదో పరిశీలించండి, ఎన్ని ప్రశ్నలైనా అడగండి. పరిశీలన సాగుతుండగా మనిషికి జ్వరం రాకుండా ఆగదు. తాత్కాలిక పర్మిట్, తాత్కాలిక కార్డు ఇస్తే, దరఖాస్తు తిరస్కరించిన రోజున రెండూ రద్దు చేసుకోవచ్చు.

ఖర్చు మాట కూడా ఎత్తుతారు. దానికి జవాబు వాళ్ల చట్టంలోనే ఉంది. 2002 నుంచి అమల్లో ఉన్న వలస చట్టంలో, వైద్య సేవలపై మితిమీరిన భారం పడుతుందన్న కారణంతో కొందరిని నిరాకరించవచ్చు. కానీ స్పాన్సర్ చేసిన భార్యకు, భర్తకు ఆ నియమం వర్తించదని అదే చట్టం చెప్పింది. అంటే ఆమె జబ్బు మనిషైనా సరే, ఖర్చు చూసి గుమ్మం బయట నిలబెట్టబోమని పార్లమెంటు అప్పుడే తేల్చేసింది. రేపు తప్పకుండా ఒప్పుకోబోయే బాధ్యతను ఇవాళ ఫైలు పేరు చెప్పి వాయిదా వేయడం ఎందుకు?

క్యూబెక్ సంగతి చూస్తే ఇంకా గుండె చెరువవుతుంది. అక్కడ కుటుంబ స్పాన్సర్‌షిప్ దరఖాస్తులు 2024 జూన్ నుంచి 2026 జూన్ దాకా మొత్తం 13,000 మాత్రమే తీసుకుంటామని పరిమితి పెట్టారు. అందులో భార్యలు, భర్తలు, 18 ఏళ్లు నిండిన పిల్లలకు కలిపి 10,400. పెళ్లిళ్లకు కోటా.

మన దేశాన్ని వదిలిపెట్టను. భారతీయుణ్ణి పెళ్లాడి ఇక్కడికి వచ్చిన విదేశీ కోడలు ఎంట్రీ వీసా మీద ఉన్నంతకాలం ఉద్యోగం చేయకూడదు. ఓసీఐ కార్డు కావాలంటే పెళ్లి రిజిస్టరై 2 ఏళ్లు నిలిచి ఉండాలి. మనం అడిగేది న్యాయమైతే మన గుమ్మం దగ్గర కూడా అడగాలి.

మా పిల్లకి చివరికి పీఆర్ వచ్చింది. ఇప్పుడు ఒక వృద్ధుల సంరక్షణాలయంలో సహాయకురాలిగా పనిచేస్తోంది, పక్క దుప్పట్లు మారుస్తుంది, స్నానాలు చేయిస్తుంది. ఆ పని చిన్నదని నేను అనను, ఆ పనితోనే నేనూ మొదలుపెట్టాను. కానీ ఆమె ఐసీయూ నర్సు. నర్సుగా రిజిస్టర్ కావాలంటే ఈమధ్యకాలంలో నర్సు పని చేసినట్టు రుజువు కావాలి. ఆ కాలమంతా పని చేయకూడదని కూర్చోబెట్టి, ఇప్పుడు పని చేసిన రుజువేదీ అని అడుగుతున్నారు. నరం పట్టే చేతికి రోజూ నరం దొరకాలి. అలవాటు తప్పితే వేలిలోని ఆ గ్రహింపు మొద్దుబారుతుంది. ఫైలు కదలని ఆ నెలల్లో పోయింది జీతం ఒక్కటే అయితే నేను ఇంత రాసేదాన్ని కాదు.

ఒట్టావాలోని కెనడా ప్రభుత్వాన్ని అడిగేది ఇది. భార్య లేదా భర్త దరఖాస్తు పూర్తిగా ఉందని రసీదు ఇచ్చిన రోజునే, వేరే ఫారం, వేరే ఫీజు లేకుండా, ఆ రసీదే పని అనుమతి కావాలి. ప్రావిన్సులు ఆ రసీదును చూసి హెల్త్ కార్డు ఇవ్వాలి. కనీసం గర్భిణులకు ఆ రోజు నుంచే ఇవ్వాలి. దరఖాస్తులో ఆమె చదువు, వృత్తి ఎలాగూ రాయించుకుంటున్నారు. ఆ కాగితాన్ని అటకెక్కించకుండా నర్సింగ్ కౌన్సిల్‌కీ, టీచర్ల బోర్డుకీ దారి చూపే మనిషిని ఒకరిని పెట్టాలి.

బిలాస్‌పూర్‌లో మా వాళ్లకు చెప్పేది వేరే ఉంది. సోలాపురి మాత పూజలో కలుసుకున్నప్పుడు కెనడా సంబంధం కుదిరిందని మిఠాయి పంచే తల్లిదండ్రులు, అబ్బాయి జీతంతో పాటు ఇవి కూడా అడగండి: ఏ ప్రావిన్సులో ఉంటారు, దరఖాస్తు ఎక్కడి నుంచి పెడతారు, పిల్లకి కార్డు వచ్చేదాకా వైద్యం ఖర్చుకు ఏం ఏర్పాటు చేశారు, కాన్పు కవరయ్యే పాలసీ దొరుకుతుందా, ఆమె లైసెన్సు కాగితాలు ఇక్కడ ఉండగానే పంపించడం మొదలుపెట్టారా. కట్నం లెక్కలు అడగడానికి లేని మొహమాటం వీటికి అక్కర్లేదు.

అక్కడ టొరంటో, ఎడ్మంటన్, వాంకూవర్లలో తెలుగు సంఘాలు నడుపుతున్న పెద్దలకు నా విన్నపం. మీ ఉగాది సభకు పార్లమెంటు సభ్యుణ్ణి పిలుస్తారు, శాలువా కప్పుతారు. వలస ఫైళ్ల గురించి అడిగే అధికారం ఆయన ఆఫీసుకు ఉంది, చట్టం మార్చే ఓటు ఆయన చేతిలో ఉంది. మీ సంఘంలో రసీదు పట్టుకుని కూర్చున్న భార్యలు, భర్తలు ఎందరో, వాళ్లు నర్సులా, టీచర్లా, ఇంజనీర్లా, ఎన్నాళ్లుగా కూర్చున్నారో ఒక జాబితా రాయండి. దాన్ని ఆయన చేతికివ్వండి, జవాబు వచ్చేదాకా వదలకండి. విన్నపం కింద సంతకాలకు మనుషులు దొరకరని అనకండి, మొదటి సంతకం మా పిల్లది. తన గొడవ ఊరికి చెప్పడం ఇష్టం లేని ఆమె, ఈ ఒక్క కాగితం మీద మాత్రం పూర్తి పేరు రాస్తానంది.